పోలీసు బండి రావాలా, కాగితం కావాలా? 112కు ఎప్పుడు చేయాలి, స్టేషన్‌కు ఎప్పుడు వెళ్లాలి

నమస్కారం. మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. హైదరాబాదులో మీ అపార్ట్‌మెంట్ పార్కింగులో ఉంచిన బైకు ఒక ఉదయం 7 గంటలకు చూసేసరికి లేదనీ, వెంటనే 100కు ఫోన్ చేస్తే ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి, చుట్టూ చూసి, వివరాలు రాసుకుని, స్టేషన్‌కు రమ్మని చెప్పి వెళ్లారనీ, ఫిర్యాదు అయిపోయిందనుకుని మీరు ఊరుకుంటే, మూడు వారాల తర్వాత బీమా కంపెనీ ఎఫ్.ఐ.ఆర్. నకలు అడిగినప్పుడు అసలు కేసే నమోదు కాలేదని తెలిసిందనీ రాశారు. ఆ తర్వాత ఒక రాత్రి మీ పైఅంతస్తులో ఉండే పెద్దావిడ ఏడుపూ, ఎవరో కొడుతున్న చప్పుడూ వినిపిస్తే, దీనికి 100కు చేస్తే బాగుండదేమోనని వెనకాడి స్టేషన్ ల్యాండ్‌లైన్‌కు చేశారు. ఎవరూ ఎత్తలేదు. కాసేపటికి చప్పుడు ఆగిపోయింది, మీరూ ఊరుకున్నారు. ఏది అత్యవసరం, ఏది కాదు, దేనికి ఏ నంబరు అన్నది మీ ప్రశ్న.

నేను పోలీసు శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విరమించాను. కొంతకాలం కంట్రోల్ రూములో, ఎక్కువకాలం స్టేషన్లలో ఉన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీరు చేసిన రెండు ఫోన్లూ తారుమారయ్యాయి. బైకు పోయిన ఉదయం మీకు కావలసింది స్టేషన్, పెద్దావిడ ఏడ్చిన రాత్రి కావలసింది అత్యవసర నంబరు 112. ఇందులో మీ తప్పేమీ లేదు. ఈ తేడాను బడిలో చెప్పరు, ఇంట్లో చెప్పరు, చాలాసార్లు స్టేషన్‌లోనూ చెప్పరు. చదువుకున్నవాళ్లు, ఉద్యోగస్తులు కూడా ఇందులోనే పొరబడటం నేను చూస్తూ వచ్చాను.

బ్రిటన్‌లో అత్యవసరానికి 999 ఉన్నట్టే, అత్యవసరం కాని పోలీసు పనులకు 101 అని విడిగా ఒక నంబరు ఉంది. అమెరికాలో 911 కాక ప్రతి ఊరి పోలీసు శాఖకూ ఒక మామూలు పది అంకెల నంబరు ఉంటుంది. ఆ దేశాల్లో ఉండి వచ్చిన మన పిల్లలు ఇక్కడ కూడా అలాంటి నంబరు ఏదని అడుగుతుంటారు. మన దగ్గర దేశమంతటికీ వర్తించే అలాంటి ఒక్క నంబరు లేదు. ఆ స్థానంలో ఉన్నది మీ ప్రాంతపు స్టేషనే. స్టేషన్ ల్యాండ్‌లైన్, స్టేషన్ బాధ్యుడైన స్టేషన్ హౌస్ ఆఫీసరు అధికారిక మొబైల్, పోలీసు శాఖ వెబ్‌సైటు, వీటికి తోడు ఒక్కొక్క అవసరానికి ఏర్పాటు చేసిన 1930, 181, 1098, 14567 వంటి నంబర్లు కలిపితేనే మన ‘అత్యవసరం కాని లైను’ అవుతుంది. అందువల్ల నంబర్లు బట్టీ పట్టడం కంటే, ముందు ఒక ప్రశ్న వేసుకోవడం మేలు. ఇప్పుడు ఇక్కడికి పోలీసు బండి రావాలా, లేక నాకు పోలీసుల నుంచి ఒక కాగితం కావాలా?

112 అన్నది బండిని పంపే వ్యవస్థ. నిర్భయ నిధితో రూపుదిద్దుకుని, 2018 నవంబరులో హిమాచల్ ప్రదేశ్‌తో మొదలై, తర్వాత మిగతా రాష్ట్రాలకు విస్తరించింది. మనకు అలవాటైన 100 ఇప్పటికీ పనిచేస్తుంది, ఏది గుర్తొస్తే అది నొక్కండి. మీరు ఫోన్ చేయగానే కంట్రోల్ రూములో ఒకరు తీసుకుంటారు, స్థలం, సంగతి టైపు చేసి ఒక ఈవెంటు తెరుస్తారు, అది ఆ ప్రాంతంలో తిరుగుతున్న పెట్రోలింగ్ కారుకో, బ్లూ కోల్ట్స్ అనే గస్తీ బైకుకో చేరుతుంది. వాళ్లు వచ్చి, గొడవ ఆపి, గాయపడినవాళ్లను పంపి, అవసరమైతే మనిషిని పట్టుకుని, చేసిన పనిని నివేదించి ఆ ఈవెంటును ముగిస్తారు. ఈవెంటు ముగిసిందంటే ఆ బండి పని ముగిసిందని మాత్రమే అర్థం. అది ఎఫ్.ఐ.ఆర్. కాదు, మీ ఫిర్యాదూ కాదు. కానిస్టేబులు తన పుస్తకంలో మీ పేరు, బైకు నంబరు రాసుకున్నంత మాత్రాన కేసు కట్టినట్టు కాదు. మీరు మూడు వారాలు పోగొట్టుకున్నది సరిగ్గా ఇక్కడే.

కాగితం పుట్టేది స్టేషన్‌లో. పాత సి.ఆర్.పి.సి. స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, కేసు కట్టదగిన నేరం గురించి మీరు నోటితో చెప్పినా, రాసి ఇచ్చినా, ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపినా నమోదు చేయాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. నేరం ఏ స్టేషను పరిధిలో జరిగిందన్న దానితో నిమిత్తం లేకుండా సమాచారం తీసుకోవాలి. జనం జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటున్నది దీన్నే. ఇలాంటి నేరం సమాచారంలో కనిపిస్తున్నప్పుడు ఎఫ్.ఐ.ఆర్. నమోదు తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2013లోనే లలితా కుమారి కేసులో చెప్పింది. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే సమాచారాన్ని పోస్టులో జిల్లా ఎస్పీకి, కమిషనరేట్ అయితే ఆ పై అధికారికి పంపవచ్చు. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. స్టేషన్‌లో ఇన్నేళ్లు కూర్చున్నవాడిగా ఈ మాట రాయడానికి నాకు సంకోచం లేదు. ‘పరిధి మాది కాదు’ అని మనిషిని తిప్పి పంపడం ఏనాడూ సరైన పని కాదు, ఇప్పుడు చట్టం కూడా దాన్ని ఒప్పుకోదు.

ఇక పోలీసు బండి ఎప్పుడు రావాలి? ప్రాణానికో, ఒంటికో హాని ఇప్పుడు జరుగుతున్నప్పుడు, కాసేపట్లో జరిగేలా ఉన్నప్పుడు, లేదా చేసినవాడు ఇంకా అక్కడే ఉన్నప్పుడో, అప్పుడే పారిపోయినప్పుడో. బైకు విషయంలోనే చూడండి. మీరు బాల్కనీలో నిలబడి ఉండగా ఎవడో తాళం విరగ్గొడుతున్నాడు, లేదా రెండు నిమిషాల క్రితమే గేటు దాటించాడు అనుకుందాం. అప్పుడు 112 తప్ప మరో ఆలోచన వద్దు. ఎటు వెళ్లాడు, ఏ రంగు చొక్కా, ఎంతమంది అన్నది వైర్‌లెస్ సెట్‌లో వినిపిస్తే ముందు కూడలిలో ఉన్న బండి ఆపగలదు. రాత్రి ఎప్పుడో పోయిన బైకును ఉదయం 7 గంటలకు గమనించినప్పుడు మాత్రం పెట్రోలింగ్ సిబ్బంది పార్కింగులో చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. అపార్ట్‌మెంట్ సీసీ కెమెరా రికార్డింగు చెరిగిపోకముందే భద్రపరచమని అసోసియేషన్‌కు చెప్పి, ఆర్.సి., బీమా కాగితాలు పట్టుకుని నేరుగా స్టేషన్‌కు వెళ్లడమే పని.

మెడలో గొలుసు, చేతిలో ఫోను లాక్కుపోతే అది మామూలు దొంగతనం లెక్కలోకి రాదు. పాత ఐ.పి.సి. స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో స్నాచింగ్‌ను 304వ సెక్షను కింద ప్రత్యేక నేరంగా పెట్టారు. ముందు 112, తర్వాత స్టేషన్, రెండూ కావాలి. ఫోను బస్సులో ఎక్కడో జారిపోయిందంటే 112తో పని లేదు. పోయిన ఫోన్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సి.ఇ.ఐ.ఆర్. పోర్టల్లో నమోదు చేస్తే ఆ హ్యాండ్‌సెట్‌ను దేశంలో ఏ నెట్‌వర్కులోనూ పనిచేయకుండా నిలిపివేస్తారు, ఎవరైనా వేరే సిమ్ వేస్తే ఆచూకీ తెలిసే అవకాశం ఉంటుంది. దానికి ప్రతి ఫోనుకూ విడిగా ఉండే ఐ.ఎం.ఇ.ఐ. నంబరు కావాలి. ఫోను చేతిలో ఉన్నప్పుడే స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కి ఆ నంబరును ఇంట్లో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇప్పుడు మీ పైఅంతస్తు సంగతికి వస్తాను. దీని గురించే ఎక్కువ చెప్పాలని ఉంది. పక్కింట్లో ఏడుపు వినబడినప్పుడు మనవాళ్లు సాధారణంగా అనుకునే మాటలు నాకు కంఠతా వచ్చు. ‘వాళ్ల ఇంటి గొడవ, మనకెందుకు?’ ‘పోలీసులు వస్తే మన పేరు చెబుతారేమో?’ ‘రేపు లిఫ్టులో ఎదురుపడితే ఎలా?’ ‘తీరా వస్తే ఏమీ లేదంటే మన పరువేం కావాలి?’ ఈ సంకోచం మంచి మనుషులకే కలుగుతుంది, అందుకే నాకు బాధ. కంట్రోల్ రూములో ఒక రాత్రి ఒకాయన ఫోన్ చేసి ‘చిన్న విషయమే సార్, మీకు శ్రమ ఇస్తున్నాను’ అని మొదలుపెట్టి, ఆ శ్రమ గురించే క్షమాపణలు చెబుతూ పోయారు. విషయం ఏమిటంటే, పక్క ఇంట్లో ఒంటరిగా ఉండే రిటైర్డు టీచరు ముందురోజు నుంచి తలుపు తీయలేదు, లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. మావాళ్లు వెళ్లి తలుపు పగలగొడితే ఆమె స్నానాల గదిలో జారిపడి, తుంటి ఎముక విరిగి, లేవలేక పడి ఉంది. ప్రాణం దక్కింది. ఫోన్ చేసినాయన తర్వాత స్టేషన్‌కు వచ్చి, ముందురోజు సాయంత్రమే చేసి ఉండవలసిందని చాలాసేపు బాధపడ్డారు. ముందురోజు సాయంత్రం ఆయనను ఆపింది ఆ ‘శ్రమ’ అన్న ఒక్క మాటే.

కాబట్టి ఇంట్లో కొడుతున్న చప్పుడు, పిల్లల కేకలు, ‘చంపేస్తాను’ అన్న బెదిరింపు, తలుపు మూసి ఉన్న ఇంట్లో ఒక్కసారిగా ఆగిపోయిన ఏడుపు వంటివి అత్యవసరమా కాదా అని మీరు తీర్పు చెప్పనక్కర్లేదు. ఆ తీర్పు చెప్పడానికే బండి వస్తుంది. చప్పుడు ఆగిందంటే ప్రమాదం తప్పిందని అనుకోకండి. కొన్నిసార్లు అది మరింత చెడ్డ సూచన. గృహహింస నిరోధక చట్టం, 2005 భార్యలకు మాత్రమే కాదు, ఆ ఇంట్లో కలిసి ఉండే తల్లికి, అత్తకు కూడా రక్షణ ఇస్తుంది. హింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా ఆ చట్టం కింద నియమించిన రక్షణాధికారికి సమాచారం ఇవ్వవచ్చనీ, సద్బుద్ధితో ఇచ్చిన సమాచారానికి ఆ వ్యక్తిపై ఎలాంటి బాధ్యతా మోపరాదనీ దాని 4వ సెక్షను చెబుతోంది. కంట్రోల్ రూముకు ఫోన్ చేసినప్పుడు కూడా ‘నా పేరు వాళ్ల దగ్గర బయట పెట్టవద్దు’ అని అడగండి. ‘చుట్టుపక్కల నుంచి ఫోన్ వచ్చింది’ అని చెప్పి లోపలికి వెళ్లడం పెట్రోలింగ్‌లో ఉన్నవారికి కొత్త పని కాదు.

తప్పుడు ఫోన్ చేస్తే కేసు పెడతారన్న భయం కూడా మీ మాటల్లో కనిపించింది. న్యాయ సంహిత 217వ సెక్షను ఉన్నమాట నిజమే. అయితే అది అబద్ధమని తెలిసి తెలిసి సమాచారం ఇచ్చి, ఇతరులను ఇబ్బంది పెట్టేందుకు పోలీసులను వాడుకునేవారికి. నిజాయితీగా అనుమానపడి చేసినవారికి అది వర్తించదు. చేతిలో ఫోను నొక్కుకుపోయి పొరపాటున 112కు వెళితే మాత్రం భయపడి పెట్టేయకండి. ‘పొరపాటున వచ్చింది, ఇక్కడ అంతా బాగానే ఉంది’ అని చెప్పి పెట్టండి. మాట లేకుండా తెగిపోయిన ఫోను ఆపదలో ఉన్నవారిదో, జేబులో నొక్కుకుపోయినదో అక్కడ కూర్చున్నవారికి తెలియదు, మళ్లీ మీకు ఫోన్ చేసి కనుక్కోవలసి వస్తుంది.

ఫోన్ తీసుకోగానే ఏం చెప్పాలన్నది కూడా రాస్తాను, ఎందుకంటే నిమిషాలు ఎక్కువగా పోయేది అక్కడే. మనకు కథ మొదటినుంచి చెప్పే అలవాటు. ‘మా తమ్ముడికి, వాళ్ల బావమరిదికి రెండేళ్ల నుంచి పడటం లేదు సార్’ అని మొదలవుతుంది, స్థలం చివరికి వస్తుంది, ఆలోపు లైను తెగితే ఎక్కడికి వెళ్లాలో ఎవరికీ తెలియదు. ముందు స్థలం చెప్పండి. కాలనీ, రోడ్డు నంబరు, దగ్గరి గుడి, మసీదు, పెట్రోలు బంకు, ఏ అంతస్తు. హైదరాబాదులో మెట్రో పిల్లరు మీద, పి.వి. ఎక్స్‌ప్రెస్ వే పిల్లరు మీద నంబరుంటుంది, దానికి మించిన గుర్తు లేదు. జాతీయ రహదారి మీద కిలోమీటరు రాయి, పొలాల మధ్య అయితే కరెంటు స్తంభం మీద రాసిన నంబరు చెప్పవచ్చు. ఫోను నుంచి స్థానం యంత్రానికి తెలుస్తుంది కదా అంటారు. కొంతవరకు తెలుస్తుంది, కానీ అయిదంతస్తుల భవనంలో ఏ తలుపో అది చెప్పలేదు. స్థలం తర్వాత ఏం జరుగుతోంది, ఎవరికైనా దెబ్బలు తగిలాయా, చేతిలో కత్తి, గొడ్డలి వంటివి ఉన్నాయా, ఎంతమంది అన్నవి చెబితే చాలు. పెట్టిన తర్వాత తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే తప్పక ఎత్తండి. దారి తెలియక వీధి చివర నిలబడిన బండి నుంచే ఆ ఫోన్ వస్తుంది.

మాట్లాడే పరిస్థితి లేకపోతే చాలా స్మార్ట్‌ఫోన్లలో పవర్ బటన్‌ను వెంటవెంటనే కొన్నిసార్లు నొక్కితే అత్యవసర కాల్ వెళ్లే ఏర్పాటు ఉంటుంది. ఎన్నిసార్లు నొక్కాలన్నది ఫోన్‌ను బట్టి మారుతుంది కనుక ఈరోజే మీ ఫోన్ సెట్టింగుల్లో చూసి, ఇంట్లో ఆడపిల్లలకూ పెద్దవాళ్లకూ చూపించండి.

సైబరు మోసాన్ని పై రెండింటిలో దేనిలోనూ వేయకండి. అక్కడ బండి వచ్చినా లాభం లేదు, కాగితం రేపు తీసుకోవచ్చు, ఆపవలసింది డబ్బు. దానికి 1930 ఉంది. 2021లో 155260గా మొదలై తర్వాత 1930గా మారిన ఈ లైనుకు, ఖాతాలోంచి డబ్బు పోయిందని తెలిసిన క్షణమే ఫోన్ చేయాలి. మీ బ్యాంకు పేరు, పోయిన మొత్తం, సమయం, లావాదేవీ నంబరు చెబితే, ఆ డబ్బు చేరిన ఖాతాను గుర్తించి అక్కడే నిలిపివేయడానికి బ్యాంకులకు వెంటనే సమాచారం వెళుతుంది. దొంగలు డబ్బును ఒక ఖాతాలో ఉంచరు, గంటల్లోనే పది చేతులు మారుస్తారు. అందుకే స్టేషన్‌కు వెళ్లి, ఎస్సై గారు వచ్చేదాకా బెంచీ మీద కూర్చుని, సాయంత్రం ఫిర్యాదు రాసి ఇచ్చేవారికి కేసు మిగులుతుంది కానీ డబ్బు మిగలడం కష్టం. 1930 తర్వాత సైబర్ క్రైమ్ పోర్టల్లో వివరాలు నింపి, ఆ తర్వాత స్టేషన్. ఊళ్లో ఉన్న మీ తల్లిదండ్రులకు ఇంకొక్క మాట చెప్పండి. ‘డిజిటల్ అరెస్ట్’ అన్నది ఏ చట్టంలోనూ లేదు. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని గది దాటవద్దని బెదిరించేవాడు పోలీసు కాడు. ఫోను పెట్టేసి 1930కు చేయమనండి.

మనిషి కనబడకుండా పోయినప్పుడు 24 గంటలు ఆగాలన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో కానీ, అది నేను చూసిన అపోహల్లో అన్నింటికంటే ప్రమాదకరమైనది. అలాంటి నిబంధన లేదు. బడి నుంచి రావలసిన పిల్లవాడు రాలేదు, మతిమరుపు ఉన్న తాతగారు పొద్దున నడకకు వెళ్లి తిరిగి రాలేదు, చనిపోతానని చీటీ రాసి పెట్టి ఒకరు వెళ్లిపోయారు అంటే మొదటి గంటే విలువైనది, వెంటనే 112. వెళ్లేముందు వేసుకున్న బట్టలు, ఫోను నంబరు, ఇటీవలి ఫోటో సిద్ధంగా పెట్టుకోండి. ఆ తర్వాత స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇవ్వండి. పిల్లల విషయంలో, తప్పిపోయారన్న ఫిర్యాదు రాగానే ఎఫ్.ఐ.ఆర్. కట్టాలని 2013లో బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. పెద్దవయసు మనిషి ఇంట్లో అలిగి చెప్పకుండా వెళ్లి, ఫోను కలుస్తూ ఉంటే అది వేరు, అప్పుడు స్టేషన్ సరిపోతుంది.

రోడ్డు ప్రమాదంలో మనిషికి దెబ్బ తగిలితే మొదట అంబులెన్సు. 108 సేవ 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే పుట్టింది కాబట్టి మనవాళ్లకు దాని గురించి చెప్పనక్కర్లేదు. 112కు చేసినా అంబులెన్సు కబురు అందుతుంది. ఆసుపత్రికి చేర్చినవారిని పోలీసులు వేధిస్తారన్న భయానికి చట్టం జవాబిచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షను, సాయం చేసినవారిపై సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ లేకుండా కాపాడుతుంది, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. జాతీయ రహదారి మీద బండి చెడిపోయి దారికి అడ్డంగా ఉంటే 1033, రైల్లో అయితే 139. ఇద్దరూ క్షేమంగా ఉండి బంపర్లు మాత్రం గీసుకున్న సందర్భంలో ఫోటోలు తీసుకుని, వాహనాలు పక్కకు జరిపి, బీమాకు అవసరమైతే స్టేషన్‌కు వెళ్లండి. అక్కడ మాటలు పెరిగి చేతులు లేస్తే అది మళ్లీ 112 పనే.

చప్పుడు సంగతి మీరు అడగలేదు కానీ అపార్ట్‌మెంట్లలో ఇదే ఎక్కువ గనుక చెబుతాను. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఫంక్షన్ హాలు డీజే ఆగకపోతే ముందు స్టేషన్‌కు చేయండి, నైట్ డ్యూటీలో ఉన్నవారు పెట్రోలింగ్ బండికి చెబుతారు. ఫోను ఎత్తకపోతే 100కు చేయడంలో తప్పు లేదు. వేరే లైను లేని దేశంలో ఆ మాత్రం వెసులుబాటు ఉండాలన్నది నా అభిప్రాయం, నాతో పనిచేసిన కొందరు దీన్ని ఒప్పుకోరు.

పల్లెల్లో గట్టు తగాదాలు కూడా ఇలాంటివే. గట్టు ఎవరిదన్నది పోలీసులు తేల్చలేరు, అది సర్వే, తహసీల్దారు, సివిల్ కోర్టు పని. ఎస్సై గారు వచ్చి రాయి పాతించాలని 100కు చేసేవారిని ఎందరినో చూశాను. అదే గట్టు మీద కర్రలు లేచాయంటే ఒక్క క్షణం ఆలస్యం చేయకూడదు. గొడవ ఇంకా కర్రల దాకా రాలేదు కానీ వచ్చేలా ఉందని అనిపిస్తే, ముందే స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి ఉంచండి. శాంతిభద్రతలకు భంగం కలిగించే భూతగాదాలో జోక్యం చేసుకునే అధికారం సురక్షా సంహిత 164వ సెక్షను కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఉంది. ఆ దారిలో మొదటి మెట్టు పోలీసు నివేదికే.

ఆడపిల్లల వెంటపడటం, పదేపదే మెసేజీలు పెట్టడం వంటివాటికి తెలంగాణలో 2014 నుంచి షీ టీమ్స్ అనే ప్రత్యేక పోలీసు బృందాలు ఉన్నాయి. వారాల తరబడి సాగుతున్న వేధింపును వాళ్లకు ఆధారాలతో సహా చెప్పండి. ఈ నిమిషంలో వెనకాల ఒకడు నడుస్తుంటే మాత్రం 112కే చేయాలి. మహిళలకు సలహా, ఆశ్రయం కావాలంటే 181, పిల్లల సంరక్షణకు 1098, పెద్దవయసు వారి నిర్లక్ష్యం, వేధింపుల గురించి మాట్లాడటానికి 14567.

స్టేషన్ నంబరు రాత్రి ఎత్తలేదన్న మీ ఫిర్యాదు న్యాయమైనదే. ఉన్న ఒక్క కానిస్టేబులు లోపల ఎవరితోనో ఉండవచ్చు, కానీ బయట ఫోన్ పట్టుకున్న మనిషికి ఆ కారణం అక్కరకు రాదు. అందుకే ల్యాండ్‌లైన్ ఒక్కటే పెట్టుకోకండి. స్టేషన్ హౌస్ ఆఫీసరు అధికారిక మొబైల్ నంబరు పోస్టుకు ఇచ్చినది, అధికారి బదిలీ అయినా నంబరు మారదు. పోలీసు శాఖ వెబ్‌సైటులో చూసి ఫోన్‌లో దాచుకోండి, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గదిలో కూడా రాయించండి. ప్రమాదం ఉన్న రాత్రి స్టేషన్ నంబరు రెండు రింగుల్లో ఎత్తకపోతే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ కూర్చోకుండా 112కు మారిపోండి.

బైకు విషయంలో ఇప్పుడు చేయవలసింది ఇది. రేపే స్టేషన్‌కు వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. బైకు పోయిన తేదీ, మీరు 100కు చేసిన సమయం, సిబ్బంది వచ్చి చూసిన సంగతి ఆ ఫిర్యాదులోనే రాయండి. మీ ఫోన్‌లో ఆ రోజు కాల్ వివరాలు ఇంకా ఉంటే స్క్రీన్‌షాట్ తీసి జతచేయండి. మీరు ఆ రోజే పోలీసులకు తెలియజేశారనడానికి అదీ, కంట్రోల్ రూములోని ఈవెంటు రికార్డూ ఆధారాలు అవుతాయి. ఆలస్యానికి కారణాన్ని దాచకుండా రాయండి, రాయని ఆలస్యమే అనుమానాన్ని పెంచుతుంది. బీమా కంపెనీకి కూడా ఇదే సంగతి లేఖగా పంపి రసీదు తీసుకోండి. దొంగతనం జరగగానే ఎఫ్.ఐ.ఆర్. అయి ఉంటే, బీమా కంపెనీకి ఆలస్యంగా తెలిపారన్న ఒక్క కారణంతో క్లెయిమును తిరస్కరించరాదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. మీ విషయంలో ఎఫ్.ఐ.ఆరే ఆలస్యమైంది కనుక ఆ తీర్పు నేరుగా ఆదుకోకపోవచ్చు, అందుకే 100కు చేసిన ఆ ఫోను రుజువు మీకు అంత ముఖ్యం. ఎఫ్.ఐ.ఆర్. నకలు చేతికి రాకుండా స్టేషన్ నుంచి కదలకండి.

పైఅంతస్తు పెద్దావిడను పగటిపూట, ఆ ఇంట్లో మిగతావాళ్లు లేని సమయం చూసి, మీ ఇంట్లో ఆడవాళ్లు ఎవరైనా ఒకసారి పలకరించి రావాలి. ఏదైనా తెచ్చిపెట్టాలా అని అడిగినట్టుగా వెళ్లవచ్చు. చేతుల మీద కమిలిన గుర్తులున్నాయేమో చూసి, ఆమెకు ఇష్టమైతే 14567కు అక్కడినుంచే ఫోన్ కలిపి ఇవ్వండి. ఆమె వద్దంటే బలవంతపెట్టకుండా, మీ ఫ్లాటు నంబరు, మీ ఫోను నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చి రండి. ఆ చప్పుడు మళ్లీ వినిపించిన రాత్రి మాత్రం ఎవరినీ అడగకుండా 112కు చేయండి.